మూడో అడిషనల్

రైలు డోర్నకల్లు దాటి కారేపల్లి వైపు మళ్లేదాకా యశోద సంతోషంగానే ఉంది.

అది రెండువేల ఆరు, మే నెల. సి.ఏ. ఫైనల్ మొదటి గ్రూపు రెండోసారి రాసి వస్తోంది. సెంటరు విజయవాడలో. నాలుగు పేపర్ల కోసం ఎనిమిది రోజులు ఒక లేడీస్ హాస్టల్లో మంచం కిరాయికి తీసుకుని ఉంది. ఆ పొద్దున ఆఖరిదైన కంపెనీ లా పేపరు రాసి, హాస్టల్లో బట్టలు సర్దుకుని నేరుగా స్టేషనుకు వచ్చింది. ఎదురు సీట్లో జయప్రకాశ్ కూర్చున్నాడు. అతనిది సత్తుపల్లి. కొత్తగూడెంలో వెంకటరామారావు అనే ఆడిటరు దగ్గర ఇద్దరూ మూడేళ్లు ఆర్టికల్స్ శిక్షణ పూర్తి చేశారు. ఇప్పుడూ అదే ఆఫీసులో పని చేస్తూ పరీక్షలు రాస్తున్నారు.

ఖమ్మం వచ్చేదాకా ఇద్దరూ పరీక్షల మాట ఎత్తలేదు. ఖమ్మంలో సమోసాలు కొనుక్కున్నాక జయప్రకాశే మొదలుపెట్టాడు.

"ఇప్పుడు చెప్పు. నాలుగూ ఎట్లా రాశావ్?"

"అకౌంట్స్ పర్లేదు. ఫైనాన్స్ మాత్రం పోయినట్టే. ఆ లీజు లెక్కకే నలభై నిమిషాలు పోయినయ్. జవాబు మైనస్ వచ్చింది. కొట్టేసి మళ్ల చేస్తే మళ్ల మైనసే. బయటికొచ్చి బాత్రూంల నిలబడి ఏడ్చిన. నీకు చెప్పలే."

"నాకూ మైనసే వచ్చింది."

యశోద అతని ముఖంలోకి చూసింది. అతను పరాచికమాడటం లేదు. ఐదు రోజులుగా మోస్తున్న బరువులో కొంత అక్కడే దిగిపోయింది.

"ఆడిటింగ్?"

"అదొక్కటి నిమ్మళం. చెయ్యి ఆగలే. మనం రోజూ చేసేదే గద. అరవై వస్తయ్."

"ఇవ్వాళ్టిది?"

"మొత్తం రాసిన. ఒక్క ప్రశ్న గూడ ఇడిచిపెట్టలే."

ఆ మాట అంటుంటే ఆమెకు నవ్వు వచ్చింది. పోయినసారి ఇదే పేపర్లో ముప్పై మార్కులకు టైము చాలక, బెల్లు కొట్టాక కూడా కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ములకలపల్లి ఆశ్రమ పాఠశాలలో చదువు మొదలుపెట్టిన పిల్ల ఆమె. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి, కొత్తగూడెంలో బి.కాం. చదివింది. ఇంగ్లీషులో ఆలోచించి రాయడానికి ఆమెకు మిగతావాళ్లకంటే ఎప్పుడూ పావుగంట ఎక్కువ పట్టేది. ఈసారి ఆ పావుగంటను గెలిచింది.

డోర్నకల్లులో రైలు చాలాసేపు ఆగి మళ్లీ కదిలింది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. జయప్రకాశ్ లా పేపర్లో ఆరో ప్రశ్న గురించి అడిగాడు. ఒక డైరెక్టరు తన సొంత సంస్థకే కంపెనీ కాంట్రాక్టు ఇప్పించుకున్న కేసు అది. బోర్డు మీటింగు తేదీ ప్రశ్నలో ఏమని ఇచ్చారో ఇద్దరికీ సరిగా గుర్తులేదు.

"ఆగు, చూసి చెప్త," అని యశోద సంచిలోంచి పరీక్ష అట్ట తీసింది. ప్రశ్నపత్రం అట్ట క్లిప్పు కింద ఉంది. లాగింది. దానితోపాటు ఇంకో కాగితం జారి ఒళ్లో పడింది.

నాలుగు పేజీల తెల్ల పుస్తకం, జవాబులకు అదనంగా ఇచ్చే అడిషనల్. పైమూలన దారం కోసం చిల్లు. పైన ఆమె రోల్ నంబరు, పక్కన ఇన్విజిలేటరు ఆకుపచ్చ సిరా సంతకం. లోపల, మొదటి గీత నుంచి ఆఖరి గీత దాకా, ఆమె చేతిరాత.

యశోద దాన్ని తిప్పి చూసింది. ఆరో ప్రశ్న మొత్తం, ఏడో ప్రశ్నలో ఒక ముక్క. ఇరవై మార్కుల జవాబులు. సెక్షన్ నంబర్ల కింద స్కేలుతో గీతలు కూడా గీసింది. తన జవాబును వేరెవరో రాసినట్టు మొదటి నుంచి చదివింది. బాగుంది. అడిగినదానికి తిన్నగా రాసిన జవాబు. చదువుతూ చదువుతూ రెండో పేజీ మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు జయప్రకాశ్.

ఆమె కాగితం అతని ముందు పెట్టింది. అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముందు చుట్టుపక్కల సీట్ల వైపు చూశాడు. కాగితాన్ని మూసి ప్రశ్నపత్రం కింద పెట్టేశాడు.

"ఇది కట్టలేదా నువ్వు?"

"కట్టిన అనుకున్న."

హాల్లో జరిగింది ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. తలమీద ఫ్యాను కాగితాలను ఎగరేస్తోంది. మూడో అడిషనల్ నిండగానే ఎగిరిపోకుండా దాన్ని అట్ట క్లిప్పు కింద, ప్రశ్నపత్రం వెనక పెట్టింది. మిగిలిన ముక్కలు మెయిన్ పుస్తకంలోనే ఖాళీగా ఉన్న పేజీల్లో రాసింది. బెల్లు కొట్టారు. బల్ల మీద కనబడిన రెండు అడిషనళ్లూ దారంతో కట్టింది. పై పేజీ మీద 'అడిషనళ్లు: మూడు' అని అప్పటికే రాసి ఉంది. ఇన్విజిలేటరు మేడం వరసగా పుస్తకాలు తీసుకుంటూ వచ్చింది. యశోద నవ్వుతూ ఇచ్చేసింది.

"పారెయ్," అన్నాడు జయప్రకాశ్ గొంతు తగ్గించి. "కిటికీలోంచి పారెయ్."

"ఏంది?"

"జవాబు పుస్తకం బయటికి తెస్తే ఏమంటారో తెలుసా? మాల్‌ప్రాక్టీసు. ఇంటికాడ రాసుకొచ్చి కలపబోయావంటారు. గ్రూపు మొత్తం రద్దు చేస్తారు. ఇంకో రెండుసార్లు రాయనియ్యకపోవచ్చు కూడా. పారేస్తే ఇరవై మార్కులతో పోతుంది."

ఆమె కాగితాన్ని తీసి సంచిలో, బట్టల మధ్య, మడత పడకుండా పెట్టింది. కొత్తగూడెం వచ్చేలోగా జయప్రకాశ్ రెండుసార్లు మంచినీళ్ల సీసా ఇచ్చాడు, రెండుసార్లూ తీసుకుంది, తాగకుండానే తిరిగి ఇచ్చింది.

*

స్టేషను బయట ఆమె తండ్రి పోతయ్య నిలబడి ఉన్నాడు. ములకలపల్లి అవతల అడవి అంచున వాళ్ల ఊరు. అది బీడీలకు తునికాకు కోసే సీజను. అతనూ భార్య ముత్తక్కా తెల్లారకముందే ఆకుకు పోవాల్సిన రోజులు. అయినా బిడ్డ పరీక్షలైపోయాయని, ఇంటికి తోలుకుపోదామని ఒక రోజు పని మానుకుని వచ్చాడు.

"మంచిగ రాసినవా?" అని అడిగాడు.

"సార్ ఇంటికి పోయి పోదాం నాయినా," అంది యశోద.

వెంకటరామారావు ఇల్లూ ఆఫీసూ ఒకటే. కింద ఆఫీసు, పైన ఇల్లు. ఆయన తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశ్వారావుపేట వైపు భూములు కొన్న కుటుంబం. రైసుమిల్లులూ, జిన్నింగు మిల్లులూ, ఎరువుల దుకాణాలూ ఆయన దగ్గరికే వస్తాయి. మనిషి కటువు. చదివే పిల్లల ఫీజు గడువు మాత్రం వాళ్లకంటే ముందు ఆయనకే గుర్తుండేది. కాగితం చూడకుండా సంతకం పెట్టేవాడు ఆడిటరు కాడని మొదటి రోజే చెప్పాడు. యశోద దాన్ని తన నోట్‌బుక్కులో రాసుకుంది.

పోతయ్య వరండాలో కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి బల్ల మీద ఆ కాగితం పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు.

"మూడేళ్లు నా దగ్గర ఓచర్లు కుట్టావు. ఒక్కటి కూడా తప్పిపోలేదు," అన్నాడు.

"అవ్ సార్."

"మిగతా ఎనభై మార్కులకు ఏం రాశావు, చెప్పు."

ఆమె చెబుతుంటే ఆయన పెన్సిలుతో ప్రతి ప్రశ్నకూ ఒక అంకె వేశాడు. కలిపాడు. నలభై ఒకటి. "బొటాబొటిగా ఉంది. నలభై వస్తే పేపరు గట్టెక్కినట్టే. మిగతావి లాగితే గ్రూపు రావచ్చు." పెన్సిలు పక్కన పెట్టాడు. "ఇది ఇంకెవరికి తెలుసు?"

"జయప్రకాశ్‌కు సార్."

"ఇంకెవరికీ చెప్పకు. పైన వంటింట్లో పొయ్యి ఉంది. దాంట్లో పెట్టు."

యశోద విన్నది తప్పేమో అనుకుంది. ఆయన ముఖం మామూలుగానే ఉంది. ఏ ఖాతా ఎక్కడ రాయాలో చెప్పినట్టే చెప్పాడు.

"సార్, పైన మూడని రాసిన. వాళ్లకు రెండే ఉంటయ్."

"దారం ఊడి ఎక్కడో జారిపోయిందనుకుంటారు."

"ఆ మేడం సంతకం ఉంది సార్ దీని మీద. ఎన్ని ఇచ్చినం, ఎన్ని వచ్చినయ్ అని లెక్క ఉంటది గద."

"అది వాళ్ల లెక్క," అన్నాడు వెంకటరామారావు. కొంచెం ఆగి, గొంతు మార్చి, "అమ్మా, నువ్వు ఇక్కడిదాకా ఎట్లా వచ్చావో నేను చూశాను. ఒక్క కాగితంతో అదంతా పాడు చేసుకోకు. నీ మంచికే చెబుతున్నాను," అన్నాడు.

ఆయన మంచికే చెబుతున్నాడని ఆమెకూ తెలుసు. కాగితం తీసుకుని బయటికి వచ్చింది. రైల్లో కలిగిన భయం వేరు, ఇది వేరు. ఇకమీదట ఏది సరైనదో ఎవరిని అడగాలో ఆమెకు తెలియకుండా పోయింది.

*

బస్టాండు వైపు నడుస్తూ తండ్రికి చెప్పింది. అడిషనలంటే ఏమిటో, దారం ఎందుకు కడతారో అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో కోయ భాషే మాట్లాడుకునే ఇద్దరూ బయట నడుస్తున్నంతసేపూ తెలుగులోనే మాట్లాడుకుంటారు.

"సారు కాలవెట్టమన్నడా?"

"అవ్."

అతను దారి పక్కన ఉన్న అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు అప్పుడు హాస్టల్ల ఉన్నవ్, నీకు చెప్పలే. ఓ ఏడు గాలివానకు మన చేను గట్టు మీద టేకు చెట్టు కూలింది. దుంగ తెచ్చి కొట్టంల పెట్టిన. ఫారెస్టు గార్డుకు చెప్దామనే పెట్టిన. ఇయ్యాల, రేపు అనుకుంట నాలుగు రోజులు పోనిచ్చిన. ఐదో దినం వాళ్లే వచ్చిండ్రు. చెప్దామనుకున్న సారూ అంటే నవ్విండ్రు. ఏడాది దాకా కోర్టు చుట్టూ తిరిగిన. నేను దొంగతనం చెయ్యలే. ఆ నాలుగు రోజులే నన్ను దొంగను చేసినయ్."

యశోద అతని పక్కనే కూర్చుంది. తండ్రి మీద కేసు ఉండేదన్న సంగతి ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. పదో తరగతి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, నాయిన వారానికోసారి కొత్తగూడెం ఎందుకు పోతున్నాడని అమ్మను అడిగింది. పనికి పోతున్నాడని ముత్తక్క చెప్పింది.

"మొత్తం రద్దు చేస్తే?" అంది.

"చేస్తే చేస్తరు. గని వాళ్లు వచ్చి అడిగేదాక ఉండకు. పొద్దుగాల బండికి పోదాం. నేను గూడ వస్త."

*

మర్నాడు పదకొండు గంటలకు విజయవాడలో ఆ కాలేజీ చేరారు. రెండో గ్రూపు వాళ్లకు పరీక్ష జరుగుతోంది. పోతయ్య గేటు బయట వేపచెట్టు నీడలో ఉండిపోయాడు. యశోద రైల్లో రాసిన ఉత్తరం, ఆ కాగితం పట్టుకుని చీఫ్ సూపరింటెండెంటు గదిలోకి పోయింది.

ఆయన ఉత్తరం చదివాడు. కాగితం మీది నంబరు చూసి, గోడ పక్క బీరువాలోంచి ఒక రిజిస్టరు తీసి, అందులో ఒక గీత మీద వేలు పెట్టాడు. కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి వెళ్లి, "ఉదయశ్రీ గారిని పిలువు," అని ఎవరికో చెప్పాడు.

యశోద ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ముప్పై ఏళ్లుంటాయి. నిన్నటి చీరే కట్టుకుందేమో అనిపించేలా ఉంది మనిషి. బల్ల మీది కాగితాన్ని చూసి, దగ్గరికి వచ్చి, తన సంతకాన్ని చూసుకుంది. అప్పుడు యశోద వైపు తిరిగింది.

"ఎక్కడ దొరికింది?"

"నా దగ్గరనే ఉంది మేడం. అట్ట కింద. నిన్న రైల్ల చూసిన."

ఉదయశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిన్న సాయంత్రం ఏడింటిదాకా వెతికామమ్మా. బెంచీల కింద, చెత్తబుట్టల్లో, బాత్రూముల్లో. నా బ్యాగు కూడా దులిపి చూపించాను. నాతో ఎక్స్‌ప్లనేషన్ రాయించుకున్నారు. నేనిక్కడ కాంట్రాక్టు లెక్చరర్ని. జూన్‌లో రెన్యువల్." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మా ఆయనకి కూడా చెప్పలేదు."

యశోద లెక్క వేసుకుంది. నిన్న సాయంత్రం ఏడింటికి ఆమె కొత్తగూడెంలో ఉంది. ఆ సమయానికి వెంకటరామారావు ఎనభై మార్కులకు అంకెలు వేస్తున్నాడు. ఆ గంటలో ఇంకో మనిషి చెత్తబుట్టలు వెతుకుతోంది. సంతకం గురించి సారుతో తాను అన్నప్పుడు కూడా, అది కాగితం మీది సంతకంగానే ఉంది తన మనసులో.

"తప్పు నాదే మేడం."

"నీదే. నేనూ ఎన్నున్నాయో చూసి తీసుకోవలసింది. పేపరు బాగా రాశానని నవ్వుతున్నావు. ఆ నవ్వు చూస్తూ తీసేసుకున్నాను."

సూపరింటెండెంటు ఉత్తరం నకలు మీద ముద్ర వేసి యశోదకు ఇచ్చాడు. "పుస్తకాలు నిన్ననే సీలు చేసి పంపాం. ఇది విడిగా పంపుతాను. ఈ జవాబులు దిద్దరు. మీ మీద ఏం చర్య తీసుకుంటారో నేను చెప్పలేను. మంచిమాట చెప్పి పంపించాలని ఉంది కానీ, నాకు తెలియనిది చెప్పను."

ఆమె బయటికి వచ్చింది. పోతయ్య లేచి నిలబడ్డాడు.

"తీసుకున్నరా?"

"తీసుకున్నరు."

"ఏమన్నరు?"

"ఏం చెప్పలే."

తిరుగు రైల్లో తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని ఖమ్మం దాకా నిద్రపోయారు.

*

జూన్ రెండో వారంలో ఆఫీసు అడ్రసుకు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఉత్తరం వచ్చింది. వెంకటరామారావు కవరు విప్పకుండా ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె విజయవాడ పోయివచ్చిన సంగతి ఆయనకు జయప్రకాశ్ ద్వారా తెలిసింది. దాని గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పని మాత్రం ఎప్పటిలాగే జరిగింది. ఉత్తరంలో సంజాయిషీ అడిగారు. జరిగింది ఒక పేజీలో రాసి పంపింది. ఆ తర్వాత నెలరోజులు ఏ కబురూ లేదు.

జులైలో ఫలితాలు వచ్చిన రోజు జయప్రకాశ్, ఆమె కలిసి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు పోయారు. ఆమె పేరు ఎదురుగా ఫలితం ఆపేసి 'విత్‌హెల్డ్' అని ఉంటుందనే ఇద్దరూ అనుకున్నారు. జయప్రకాశ్ తన నంబరు పక్కన పెట్టి ముందు ఆమె నంబరు కొట్టాడు. పేజీ సగం తెరుచుకుని ఆగింది. తర్వాత అంకెలు వచ్చాయి.

అకౌంట్స్ యాభై ఎనిమిది. ఫైనాన్స్ అరవై అయిదు. ఆడిటింగ్ ముప్పై ఆరు. లా నలభై నాలుగు.

మొత్తం రెండువందల మూడు. గ్రూపుకు రెండువందలు చాలు. కానీ ప్రతి పేపర్లోనూ నలభై రావాలి.

"నంబరు తప్పు కొట్టినవేమో చూడు," అంది యశోద.

అతను మళ్లీ కొట్టాడు. అవే అంకెలు. బాత్రూంలో ఏడ్పించిన పేపర్లో అరవై అయిదు. ఇరవై మార్కులు పోగొట్టుకున్న పేపర్లో నలభై నాలుగు. రెండు నెలలుగా ఏ కాగితం కోసం భయపడిందో ఆ కాగితం ఆమెను ఏం చెయ్యలేదు. ధీమాగా రాసిన ఆడిటింగు నాలుగు మార్కులతో ముంచింది.

జయప్రకాశ్ కూడా ఆ గ్రూపు పోగొట్టుకున్నాడు, ఫైనాన్సులో. అతను చాలాసేపు తన అంకెలు చూసుకుని, చివరికి ఆమెతో, "నువ్వు ఆడిటింగులో ఏం రాశావసలు?" అన్నాడు.

వారం తర్వాత ఇన్‌స్టిట్యూట్ నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ఈసారికి మందలింపుతో వదిలేస్తున్నామని, ఇకముందు జాగ్రత్తగా ఉండాలని. ఆ ఉత్తరం కోసం అంతగా ఎదురుచూసిన మనిషి దాన్ని రెండు నిమిషాల్లో చదివి పక్కన పెట్టేసింది.

*

ఆగస్టులో మోడల్ జవాబుల పుస్తకం వచ్చింది. యశోద ఆఫీసులో అందరూ భోజనాలకు పోయాక, ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని తెరిచింది. తాను రాసినవి ఆమెకు బాగానే గుర్తున్నాయి.

రెండో ప్రశ్న. ఒక మిల్లులో సరుకు నిల్వను ఆడిటరు ఎలా సరిచూస్తాడు? ఆమె రాసింది: యజమాని దగ్గర నిల్వల జాబితా తీసుకోవాలి, స్టాకు రిజిస్టరుతో పోల్చాలి, గోదాము ఒకసారి చూడాలి, సరిగ్గా ఉందని యజమానితో సంతకం చేయించుకోవాలి. పుస్తకంలో ఉంది: లెక్కపెట్టేటప్పుడు ఆడిటరు అక్కడ ఉండాలి, కొన్ని లాట్లు తానే ఎంచుకుని తానే లెక్కించాలి, గోదాము నుంచి రిజిస్టరుకూ, రిజిస్టరు నుంచి గోదాముకూ, రెండు వైపులా సరిచూడాలి.

నాలుగో ప్రశ్న. బాకీదారులకు రాసే ధ్రువీకరణ ఉత్తరాలు. ఉత్తరాలు తయారు చేసి పోస్టు చేయడానికి కంపెనీ గుమాస్తాకు ఇవ్వాలని ఆమె రాసింది. ఆడిటరే స్వయంగా పంపాలి, జవాబులు నేరుగా ఆడిటరుకే రావాలి అని పుస్తకంలో ఉంది.

అలా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. చదవక రాసింది ఏదీ లేదు. పుస్తకాలన్నీ చదివింది. కానీ హాల్లో కలం పట్టగానే చదివింది రాలేదు, చేసింది వచ్చింది. మార్చి నెలాఖరున మిల్లుకు పోతే యజమాని గదిలో మజ్జిగ వచ్చేది, తర్వాత జాబితా వచ్చేది. సారు గోదాము తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసి, 'సరే' అనేవాడు. మూడేళ్లలో ఒక్క బస్తా కూడా ఆమె లెక్కపెట్టలేదు. అదే ఆడిట్ అనుకుంది. దాన్నే ఇంగ్లీషులో, స్కేలుతో గీతలు గీసి, ధీమాగా రాసింది.

వెంకటరామారావు భోజనం చేసి దిగివచ్చేసరికి ఆమె ఇంకా అలాగే కూర్చుని ఉంది.

"ఏంటమ్మా?"

ఆమె ఒక తెల్లకాగితం మీద తన జవాబు మళ్లీ రాసి పెట్టింది. దాన్నీ పుస్తకాన్నీ ఆయన ముందుకు జరిపింది. "ఇది నేను రాసింది సార్. ఇది వాళ్లు ఇచ్చింది."

ఆయన ముందు ఆమె కాగితం చదివాడు. "బాగానే ఉందిగా. మనం చేసేది ఇదే," అన్నాడు.

"అవ్ సార్. దీనికే ముప్పై ఆరు వచ్చింది."

ఆయన పుస్తకం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. చదివి, మళ్లీ ఆమె కాగితం చూశాడు. తర్వాత కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం వస్తుందేమోనని యశోద చూసింది. రాలేదు. అలాంటి ముఖం ఆమె ఆయనలో ఎప్పుడూ చూడలేదు. తన పేరు తప్పు రాసి ఉన్న కాగితాన్ని చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

"పద్దెనిమిదేళ్ల కింద నేను పరీక్ష రాసినప్పుడు ఇదే రాశాను. పుస్తకంలో ఉన్నట్టే," అన్నాడు. "ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు."

ఆమె తన కాగితాన్ని దగ్గరికి జరుపుకుంది.

"ఆ రోజు నీకు పొయ్యిలో పెట్టమని చెప్పాను. నాకది తప్పని కూడా అనిపించలేదు యశోదా. నువ్వు బయటికి పోయాక టీవీ చూశాను."

ఆయన బదులు కోసం ఆగలేదు. పుస్తకం మూసి, తనతోపాటు పైకి తీసుకుపోయాడు. రెండు రోజుల తర్వాత తిరిగి ఇచ్చాడు.

*

సెప్టెంబరులో బ్యాంకు అప్పు కోసం ఒక రైసుమిల్లు నిల్వను ధ్రువీకరించాల్సి వచ్చింది. యశోద ఒక్కతే పోవాల్సిన పని. పొద్దున బయలుదేరుతుంటే వెంకటరామారావు చెప్పులు వేసుకుని వచ్చి ఆటోలో కూర్చున్నాడు.

మిల్లు యజమాని ఎప్పటిలాగే తన గదిలోకి పిలిచాడు. "ముందు గోదాముకు పోదాం," అన్నాడు వెంకటరామారావు. యజమాని నవ్వాడు. వాళ్లు నిజంగానే అటు నడుస్తుంటే నవ్వు ఆపేశాడు. యశోద బస్తాల వరసల మీదికి ఎక్కింది. ఆయన కింద జాబితా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పైనుంచి అంకెలు చెప్పడం, ఆయన రాసుకోవడం. సాయంత్రం నాలుగయింది. ఇద్దరి బట్టలూ తవుడు దుమ్ముతో నిండిపోయాయి. ఎదుటి వరసలు పైదాకా ఉన్నాయి. వెనక వరసలు నడుములోతు కూడా లేవు. జాబితా కంటే మూడువందల నలభై బస్తాలు తక్కువ.

"అవి ఇంకో గోదాములో ఉన్నై సార్," అన్నాడు యజమాని.

"పదండి, అక్కడికీ పోదాం."

ఇంకో గోదాము లేదు. వెంకటరామారావు ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాడు. ఆ మిల్లు మళ్లీ వాళ్ల ఆఫీసుకు రాలేదు. ఇంకో రెండు మిల్లులు కూడా వేరే ఆడిటరు దగ్గరికి పోయాయి. దసరాకు ఆఫీసులో ఎవరికీ బోనసు రాలేదు. ఆ సంగతి ఆయన ఒక్కొక్కరినీ పిలిచి తానే చెప్పాడు.

నవంబరులో యశోద మొదటి గ్రూపు మూడోసారి రాసింది. సెంటరు వేరే కాలేజీలో పడింది. ఆడిటింగు పేపరు ముగించి బయటికి వచ్చాక జయప్రకాశ్ ఎట్లా రాశావని అడిగాడు. తెలియదంది. నిజంగానే తెలియదు. ఎన్ని మార్కులు వస్తాయో ఊహించుకోవడం ఆమె మానేసింది.

జనవరిలో ఫలితం వచ్చింది. నాలుగూ గట్టెక్కాయి. ఆడిటింగులో యాభై ఒకటి. ఆ సాయంత్రమే ములకలపల్లి బస్సెక్కింది. ఇంటికి పోయేసరికి పోతయ్య పెరట్లో కంచె కోసం వెదురు చీలుస్తున్నాడు. విషయం చెప్పింది. అతను కత్తి పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ముత్తక్కను పిలిచి కోయలో చెప్పాడు. ఆమె గుమ్మంలోకి వచ్చి బిడ్డ తలమీద చెయ్యి పెట్టింది.

"అయితే అయిపోయినట్టేనా?" అన్నాడు పోతయ్య.

"లేదు నాయినా. ఇంకో గ్రూపు ఉంది. నాలుగు పేపర్లు."

అతను మళ్లీ కత్తి అందుకున్నాడు.

"సరే, రాయి మరి," అన్నాడు. "ఇటు పట్టు, ఈ కర్ర జారుతంది."

యశోద సంచి కింద పెట్టి వెదురు రెండో కొస పట్టుకుంది.